సున్నాని నమ్మొద్దు

మీ అరచేతిలో ఒక తెల్లటి బిళ్ళ ఉంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు. అడుగున మూడు పిన్నులు, పైన ఒక సన్నటి రంధ్రం. గట్టిగా నొక్కకండి. లోపల గంధకామ్లం ఉంది.

మీరున్నది హైదరాబాద్ చర్లపల్లి పారిశ్రామికవాడలో, రెండు లేత్ వర్క్‌షాపుల మధ్య ఇరుక్కున్న ఒక రేకుల షెడ్డులో. మే నెల. పదకొండు కాకముందే పైకప్పు సెగలు కక్కుతోంది. పక్క షాపులో ఇనుము కోస్తున్న రొద గోడలోంచి మీ పళ్ళ దాకా వస్తోంది. ఇక్కడ మాత్రం అందరూ తలలు వంచుకుని ఉన్నారు. ఎవరి బెంచి మీద వాళ్ళకి ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక మల్టీమీటర్. మురుగు గుంతల్లోనూ ట్యాంకుల్లోనూ చేరే విషవాయువుల్ని పసిగట్టే మీటర్లు చేసే చిన్న కంపెనీ ఇది. వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మంది. మీరు కొత్తగా చేరారు.

"దాన్ని బోర్డులో గుచ్చు," అంటుంది మేడమ్. కంపెనీ ఆమెదే. పొద్దున షెడ్డు తాళం తీసేదీ ఆమే.

మీరు పిన్నులు చూసుకుని మెల్లగా గుచ్చుతారు. తెర వెలుగుతుంది. నాలుగు గడులు. మీథేన్ లాంటి మండే వాయువులకి ఒకటి, కార్బన్ మోనాక్సైడ్‌కి ఒకటి, ఆక్సిజన్‌కి ఒకటి. నాలుగోది మీరు ఇప్పుడు గుచ్చిన బిళ్ళది. హైడ్రోజన్ సల్ఫైడ్. ఆక్సిజన్ గడిలో 20.9 అని ఉంది. మిగతా మూడింట్లో సున్నా.

మేడమ్ ఒక చిన్న అల్యూమినియం సిలిండర్ తీసి, రెగ్యులేటర్ బిగించి, సన్నటి గొట్టాన్ని మీటర్ మూతికి తగిలిస్తుంది. సిలిండర్ మీద చీటీ చదవండి. హైడ్రోజన్ సల్ఫైడ్, 25 పీపీఎమ్. అంటే పది లక్షల పాళ్ళ గాలిలో 25 పాళ్ళు. వాల్వు తిప్పుతుంది. తెర మీద అంకె కదులుతుంది. 4. 11. 18. 22. చివరి మూడు అంకెలకి మెల్లగా పాకుతూ వెళ్ళి 25 దగ్గర నిలుస్తుంది. అర నిమిషం పట్టింది.

ఇంతసేపు ఎందుకు? బిళ్ళ పైనున్న పొర గాలిని లోపలికి రానిస్తుంది, లోపలి ఆమ్లాన్ని బయటికి పోనివ్వదు. వాయువు ఆ పొర దాటాలి. దాటి ఎలక్ట్రోడ్‌ని తాకాలి. తాకిన చోట ఆ వాయువు ఆక్సీకరణ చెంది ఎలక్ట్రాన్లని వదులుతుంది. ఆ కరెంటు ఎంతో తెలుసా? ఒక పీపీఎమ్‌కి ఒక మైక్రో ఆంపియర్ అటూ ఇటూ. ఆంపియర్‌లో పది లక్షో వంతు. దాన్ని పట్టుకుని పెంచి అంకెగా మార్చడమే ఈ షెడ్డులో జరిగే పని.

గొట్టం ఊడదీస్తుండగా మీ ముక్కుకి ఒక వాసన తగులుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు. మీరు తల పక్కకి తిప్పుకుంటారు.

"మంచి వాసన బాబూ అది," అంటాడు మూల బెంచి దగ్గరి పెద్దాయన. సింగరేణిలో పనిచేసి రిటైరై వచ్చాడు. "అది వస్తున్నంతసేపూ ముక్కు పనిచేస్తున్నట్టే. ఒక్క పీపీఎమ్ కూడా లేనప్పుడే ముక్కు పట్టేస్తుంది. వంద దగ్గరికి వెళ్ళాక ముక్కు మొద్దుబారిపోతుంది. వాసన పోయిందని మనిషి సంతోషపడతాడు. ఐదారు వందల దగ్గర నిమిషాల్లో తూలి పడిపోతాడు. వెయ్యి దగ్గర ఒకటి రెండు శ్వాసలు. అంతే."

ఆయన మళ్ళీ తల వంచుకుని పనిలో పడతాడు. మీరు మాత్రం ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చి వదులుతారు.

*

ఇప్పుడు మేడమ్ మీ ముందు రెండు మీటర్లు పెడుతుంది. ఒకే రంగు, ఒకే బరువు. రెండింటి తెరల మీదా నాలుగో గడిలో సున్నా.

"బయట ఒక మనిషి గుంతలోకి దిగబోతున్నాడు. ఏది ఇస్తావ్?"

మీరు అటూ ఇటూ తిప్పి చూస్తారు. బ్యాటరీ రెండింటిలో నిండుగా ఉంది. తెరలు రెండూ ఒకేలా వెలుగుతున్నాయి. మీరు కుడి చేతిలోది ఎత్తుతారు.

ఆమె సిలిండర్ తగిలిస్తుంది. సున్నా. అర నిమిషం. సున్నా. నిమిషం. ఇంకా సున్నాయే.

ఆ మీటర్‌లో బిళ్ళ చచ్చిపోయింది. ఓవెన్‌లో పెట్టి కావాలనే ఎండబెట్టారు. శుభ్రమైన గాలిలో బతికున్న బిళ్ళ కరెంటు ఇవ్వదు. చచ్చిన బిళ్ళ విషంలో ఉన్నా కరెంటు ఇవ్వదు. తెర మీద రెండూ ఒకటే సున్నా. మీరు ఎంచుకున్న మీటర్ పట్టుకుని దిగిన మనిషి ఇప్పుడు ఎక్కడున్నాడో ఊహించండి.

ఆక్సిజన్ బిళ్ళకి ఈ జబ్బు లేదు. మామూలు గాలిలో అది ఎప్పుడూ 20.9 దగ్గర ఉండాలి. చస్తే అంకె పడిపోతుంది, అలారం మోగుతుంది. దాని చావు కనిపిస్తుంది. మండే వాయువుల్ని చూసే బిళ్ళ చావు మాత్రం కనిపించదు. అందులో ప్లాటినం తీగ చుట్టూ ఉన్న చిన్న పూసని సిలికోన్ ఆవిరి పాడుచేస్తుంది. అందుకే ఈ షెడ్డులోకి సిలికోన్ సీలెంట్ రానివ్వరు, తలకి సీరమ్ రాసుకుని రానివ్వరు. తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు. పాడైన పూస చూపించేదీ సున్నాయే.

"మా రోజుల్లో గనిలోకి సేఫ్టీ ల్యాంపు తీసుకుపోయేవాళ్ళం," అంటాడు పెద్దాయన. 1815లో హంఫ్రీ డేవీ చేసిన దీపం వంశమే అది. సన్నటి ఇనుప జాలీ లోపల మంట. మీథేన్ ఉంటే మంట మీద నీలి టోపీ లేస్తుంది. ఆక్సిజన్ తగ్గితే దీపం ఆరిపోతుంది. "ఎంత పాతదైనా ఒక గుణం ఉంది దానికి. వెలుగుతోందంటే పనిచేస్తోందని కళ్ళకి కనపడేది. ఈ సున్నాకి సాక్ష్యం ఏది?"

షెడ్డు మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. బయటి నుంచి తెప్పించే ఈ బిళ్ళలు మామూలుగా రెండేళ్ళు పనిచేస్తాయి. కానీ రామగుండం ఎండకి లోపలి ఆమ్లంలో నీరు ఆవిరై బిళ్ళ ఎండుతుంది. విశాఖ ఉక్కలో అదే ఆమ్లం గాల్లో తేమ పీల్చుకుని ఉబ్బి కారుతుంది. ఏ ఊళ్ళో ఏది ఎప్పుడు చస్తుందో ముందే చెప్పడం కష్టం.

ఫర్మ్‌వేర్ రాసే కుర్రాడు తన కుర్చీ మీ దగ్గరికి లాక్కుంటాడు. "నేను కనిపెడతా అన్నా, చూడు." మీటర్ తనంతట తానే కొన్ని గంటలకోసారి బిళ్ళకి పది మిల్లీవోల్టుల చిన్న కుదుపు ఇస్తుంది. బతికున్న బిళ్ళ ఉలిక్కిపడి కరెంటు విసురుతుంది. ఎండిపోయినది కదలదు. అతని లాప్‌టాప్ మీద ఒక గీత నిటారుగా లేచి వంగుతుంది. ఇంకోటి నేలబారుగా ఉండిపోతుంది. చూడగానే తేడా తెలుస్తోంది. మీకు హాయిగా ఉంటుంది. చిక్కు తీరిపోయింది అనిపిస్తుంది.

అసెంబ్లీ చేసే అక్క చేతిలో పని ఆపదు. "ముక్కు మూసుకుపోయాక ఊపిరితిత్తులు బాగుండి ఏం లాభం తమ్ముడూ?" అంటుంది. చేతిలో ఉన్న చిన్న తెల్లటి ఫిల్టర్ ఎత్తి చూపిస్తుంది. మురుగు చెమ్మ, దుమ్ము బిళ్ళ దాకా పోకుండా మూతి దగ్గర పెట్టేది అదే. "కుదుపు ఇచ్చి బిళ్ళ బతికుందా అని అడుగుతున్నావ్. గాలి బిళ్ళ దాకా పోతోందా అని ఎవరు అడుగుతున్నారు?"

కుర్రాడు జవాబు చెప్పబోతాడు. అంతలో మేడమ్ ఫోన్ మోగుతుంది.

*

ఊరి శివారులో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ల ప్రాంగణం. పరీక్ష కోసం వాళ్ళకి ఒక మీటర్ ఇచ్చి ఉన్నారు. ఈ రోజు మురుగు గుంత తెరుస్తున్నారట, వచ్చి చూసుకోమన్నారు. కుర్రాడి బైకు వెనక మీరు. ఒళ్ళో సంచి. అందులో ఇంకో మీటర్, సన్నటి గొట్టం, ఫిల్టర్లు, అల్యూమినియం సిలిండర్. బయల్దేరేటప్పుడు అక్క మీ చొక్కా జేబులో ఇంకో ఫిల్టర్ పొట్లం పెట్టింది. ఎందుకని మీరు అడగలేదు.

నిన్న రాత్రి అకాల వర్షం పడింది. ప్రాంగణం వెనక మురుగు పొంగి రోడ్డు మీదికి వచ్చింది. మ్యాన్‌హోల్ మూత తీసి ఉంది. నాలుగు మీటర్ల లోతు. వంగి చూస్తే ఇనుప మెట్లు, వాటి కింద నల్లటి నీళ్ళు. కుళ్ళు వాసన ఊహించి ముక్కు మీద చేయి పెట్టుకుంటారు. పెద్దగా వాసనే లేదు.

ఇద్దరు కూలీలు. ఒకాయన చొక్కా విప్పి నడుముకి తాడు కట్టుకుంటున్నాడు. కాళ్ళకి బూట్లు లేవు. మొహానికి మాస్కు లేదు. పక్కన కాంట్రాక్టరు గడియారం చూసుకుంటున్నాడు.

"జెట్టింగ్ మెషిన్ రాలేదా?" అని అడుగుతారు మీరు. మనిషి దిగకుండా నీటి ధారతో అడ్డం తీసే యంత్రం అది.

"రేపంట. అప్పటిదాకా ఈ మురుగు ఎవరు భరిస్తరు? పావుగంట పని," అంటాడు కాంట్రాక్టరు.

"మూత తీసి గంటైంది సార్," అంటాడు తాడు కట్టుకుంటున్నాయన. "పొద్దుగాల మస్తు వాసన కొట్టింది. ఇప్పుడు పోయింది. ఏం గాదు."

వాసన పోయింది. ఆ మాట విని మీ వెన్ను బిగుసుకుంటుంది.

గొట్టం దింపండి. తొందరపడకండి. ఒక్క చోట చూసి చెప్పకూడదు. మీథేన్ గాలి కన్నా తేలిక, పైన చేరుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ బరువు, అడుగున పరుచుకుంటుంది. మీటర్ తన మూతి ఎక్కడుంటే అక్కడి మాటే చెబుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ట్యాంకులోంచి లేచిన స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడి 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఆ ట్యాంకు గురించి తేల్చిన వాటిలో ఒకటి, ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ అడుగున మాత్రమే ఉందని. మధ్యలో లేదు, పైన లేదు. వేడెక్కింది ఆ రెండు చోట్లే. ఈ సంగతి మేడమ్ ప్రతి కొత్త మనిషికీ చెబుతుంది. మీకూ చెప్పింది.

ఒక మీటర్ లోతు. పంపు చిన్నగా గురగురమంటోంది. గొట్టం పొడుగునా గాలి పైకి రావాలి, ఆ తర్వాత బిళ్ళకి అర నిమిషం కావాలి. ఆగండి. సున్నా. రెండు మీటర్లు. ఆగండి. సున్నా. అడుగుకి దింపుతారు. గొట్టం కొస ఒక్క క్షణం నీళ్ళకి తగులుతుంది. చటుక్కున పైకి లాగుతారు. ఆగండి. హైడ్రోజన్ సల్ఫైడ్ సున్నా. ఆక్సిజన్ 20.6.

"చెప్పిన గద సార్," నవ్వుతాడు ఆయన. గట్టు మీద కూర్చుని రెండు కాళ్ళూ లోపలికి వేలాడేస్తాడు.

కుర్రాడు తెర మీద ఒక బటన్ నొక్కుతాడు. కుదుపు పరీక్ష. పచ్చ దీపం. "బిళ్ళ బాగానే ఉంది అన్నా."

ఇప్పుడు అందరూ మీ వైపు చూస్తున్నారు. కాంట్రాక్టరు, ఇద్దరు కూలీలు, బాల్కనీల్లోంచి నలుగురైదుగురు. మీరు తల ఊపితే చాలు. పని అయిపోతుంది, రోడ్డు మీద మురుగు పోతుంది. మీటర్ సున్నా అంటోంది. పరీక్ష పచ్చ అంటోంది. ఇంకేం కావాలి?

మీ కళ్ళు గొట్టం మీద పడతాయి. లోపల చిన్న నీటి బొట్టు, మీటర్ వైపు పాకుతోంది. దాని ముందు ఇంకోటి ఉండే ఉంటుంది. ఫిల్టర్ చూడండి. నల్లటి గూడు లోపల ఉంది. కనపడదు.

అక్క మాట గుర్తొస్తుంది.

"ఒక్క నిమిషం ఆగన్నా," అంటారు మీరు.

"ఎంతసేపు సార్ ఈ మెషిన్ ఆట?" కాంట్రాక్టరు గొంతు పెంచుతాడు. "దిగరా నువ్వు."

సంచిలోంచి సిలిండర్ తీస్తారు. చేతులు చెమటకి జారుతున్నాయి. గొట్టం కొస సిలిండర్‌కి తగిలించి వాల్వు తిప్పుతారు. 25 రావాలి. 25 పీపీఎమ్ వాయువే ఇస్తున్నారు. 25 రాకపోతే మీటర్ అబద్ధం చెబుతున్నట్టే.

1. 2. 3.

3.

కదలడం లేదు.

తడిసిన ఫిల్టర్ వాయువుని మింగేస్తోంది. హైడ్రోజన్ సల్ఫైడ్ నీటిలో కరుగుతుంది, బురద పట్టుకుంటుంది. ఆక్సిజన్ అంతగా కరగదు, తప్పించుకుని లోపలికి వస్తోంది. అందుకే 20.6. అందుకే అంతా బాగున్నట్టు కనపడింది.

తల ఎత్తి చూస్తారు. గట్టు మీద ఆయన లేడు.

రెండు మెట్లు దిగాడు. ఛాతీ దాకా లోపల ఉన్నాడు.

"పైకి రా అన్నా!"

"అడ్డం ఈడనే ఉంది సార్, గిట్ల అంటే పోతది." రెండో ఆయన పైనుంచి పొడవాటి వెదురు అందించాడు. లోపలి ఆయన దాన్ని నీళ్ళలో పొడుస్తాడు.

పొడవొద్దు. ఆ బురదలో గాలి తగలని చోట బతికే బ్యాక్టీరియా రోజుల తరబడి ఈ విషాన్నే తయారు చేసి దాచిపెట్టింది. కదిలిస్తే ఒక్కసారిగా లేస్తుంది.

బుడగలు.

మీ చేయి చొక్కా జేబులోకి పోతుంది. పొట్లం. పళ్ళతో చింపండి. పాత ఫిల్టర్ పీకి సంచిలో పడేయండి. గొట్టంలో నీళ్ళు విదిలించండి. కొత్తది నొక్కండి. గొట్టం దింపండి. ఆయన మోకాళ్ళ పక్కకి.

2.

9.

31. మీటర్ అరుస్తోంది.

78.

140.

"పైకి రా!"

ఆయన మీ వైపు చూస్తాడు. కళ్ళు నిలవడం లేదు. వెదురు చేయి జారింది. ఒక కాలు మెట్టు వదిలింది.

మీ ఒళ్ళంతా ముందుకి వంగింది. చేయి చాచి రెండు మెట్లు దిగితే ఆయన అందుతాడు. రెండే మెట్లు.

దిగొద్దు.

2015 నవంబర్‌లో కోళికోడ్‌లో ఇలాంటి మ్యాన్‌హోల్‌లో మన ఆంధ్ర నుంచి వెళ్ళిన ఇద్దరు కూలీలు పడిపోయారు. దగ్గర్లో ఉన్న ఒక ఆటో డ్రైవర్ చూశాడు. వాళ్ళని పైకి లాగుదామని దిగాడు. ముగ్గురూ చనిపోయారు. ఆ గుంతలో ఉన్న గాలే ఈ గుంతలో ఉంది. మీరు దిగితే ఆ గాలే పీలుస్తారు.

తాడు!

తాడు కొస ఎక్కడ? రెండో ఆయన కాళ్ళ దగ్గర వదులుగా పడి ఉంది. పట్టుకోండి. కుర్రాడు పట్టుకున్నాడు. రెండో ఆయన పట్టుకున్నాడు. కాళ్ళు గట్టుకి తన్నిపెట్టండి. లాగండి. బరువు. లాగండి. అరచేతులు మండుతున్నాయి. తల కనపడింది. భుజాలు. కాంట్రాక్టరు వచ్చి చంక కింద చేయి వేశాడు. లాగండి.

బయటికి వచ్చాడు.

*

గాలి ఎదురొచ్చే వైపు, గుంతకి దూరంగా వేపచెట్టు కింద పడుకోబెట్టారు. దగ్గుతున్నాడు. కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. కాసేపటికి లేచి కూర్చుని, "జర కళ్ళు తిరిగినయ్. గంతే," అంటాడు. బీడీ అడుగుతాడు. ఇవ్వకండి. ఆసుపత్రికి పోదామంటే వద్దంటాడు. ఒప్పించండి. ఈ వాయువు బాగా పీల్చినవాళ్ళకి బాగున్నట్టే ఉండి కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అందుకే డాక్టర్లు ఒక రోజైనా కనిపెట్టి ఉంచుతారు. కాంట్రాక్టరు ఈసారి మాట్లాడకుండా కారు తెస్తాడు.

తిరిగి వస్తుంటే బైకు మీద కుర్రాడు చాలాసేపు మౌనంగా ఉంటాడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అడుగుతాడు. "అసలు ఆయన ఎందుకు దిగాలి అన్నా?"

దిగకూడదు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగులోకి దింపి శుభ్రం చేయించడాన్ని 2013 చట్టం నేరం చేసింది. మురుగులో చనిపోయిన వాళ్ళ కుటుంబాలకి పది లక్షలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2023 అక్టోబర్‌లో దాన్ని ముప్ఫై లక్షలు చేసింది, ఈ పనే పూర్తిగా పోవాలంది. 2017లో హైదరాబాద్ జలమండలి సన్నటి గల్లీల్లో దూరగలిగే 70 చిన్న జెట్టింగ్ మెషిన్లు దించింది. కేరళలో ఇంజనీరింగ్ కాలేజీ నుంచి బయటికొచ్చిన కుర్రాళ్ళు చిన్న కంపెనీ పెట్టి, మ్యాన్‌హోల్‌లోకి దిగే రోబో తయారు చేశారు. 2018లో అది తిరువనంతపురంలో పనిలోకి దిగింది. దాని పేరు బ్యాండికూట్. చట్టం ఉంది, యంత్రం ఉంది. కానీ యంత్రం రేపు వస్తుంది, మురుగు ఈ రోజు పొంగుతుంది. ఆ ఒక్క రోజు తేడాలోకి మనిషిని దింపుతున్నారు. ప్రైవేటు ప్రాంగణాల గోడల వెనక అయితే అడిగేవాళ్ళు కూడా ఉండరు.

షెడ్డులో లైట్లు వెలిగి ఉన్నాయి. ఎవరూ ఇళ్ళకి పోలేదు. మీరు నల్లటి గూడు విప్పి, సంచిలోని పాత ఫిల్టర్‌తో పాటు బెంచి మీద పెడతారు. తెల్లగా ఉండాల్సిన ఫిల్టర్ బూడిద రంగులో, తడిగా ఉంది. అందరూ వంగి చూస్తారు. కుర్రాడు అక్క వైపు చూసి, "నువ్వు చెప్పింది నిజం అక్కా," అంటాడు. ఆమె ఫిల్టర్‌ని పట్టకారుతో ఎత్తి దీపానికి అడ్డం పెడుతుంది.

"ఈ గూడు నల్లగా ఎందుకు ఉండాలి మేడమ్?" అంటుంది. "గాజులా కనపడేది పెడదాం. బురద పడితే దిగేవాడికే కనపడుతుంది."

మేడమ్ రాసుకుంటుంది. పెద్దాయన ఇంకోటి చెబుతాడు. ఫిల్టర్ వెనక ఒక చిన్న ప్రెషర్ సెన్సర్ పెట్టాలి. పంపు మామూలు కన్నా కష్టపడి లాగుతుంటే ఫిల్టర్ మూసుకుపోతున్నట్టు. ఇప్పుడున్న మీటర్ పంపు పూర్తిగా ఆగితేనే అరుస్తుంది. సగం మూసుకుంటే నోరు మూసుకుని సున్నా చూపిస్తుంది. కుర్రాడు లాప్‌టాప్ తెరిచి అప్పుడే మొదలుపెట్టాడు.

"ఆ సున్నా కూడా తీసేద్దాం," అంటారు మీరు.

అందరూ తల తిప్పుతారు. చెప్పండి. తడబడకండి.

మీటర్ ఆన్ చేయగానే సున్నా చూపించకూడదు. గీతలు చూపించాలి. ఈ రోజు ఇంకా సిలిండర్ వాయువు చూపించలేదు, కాబట్టి నాకు తెలియదు అని చెప్పాలి. 25 చూపించినప్పుడు 25 దగ్గరికి వచ్చాకే, ఆ పూటకి అంకెలు చూపించే హక్కు దానికి రావాలి. గొట్టం నీళ్ళలో మునిగితే, ఫిల్టర్ మార్చితే, మళ్ళీ గీతలే. ఇంకోసారి వాయువు చూపించాలి. కుదుపు పరీక్ష బిళ్ళ సంగతి చెబుతుంది, ప్రెషర్ సెన్సర్ దారి సంగతి చెబుతుంది. మూతి నుంచి తెర దాకా అంతా పనిచేస్తోందని చెప్పగలిగేది మాత్రం మనం చూపించే ఆ కాస్త విషమే.

మేడమ్ కలం ఆపి కాసేపు ఆలోచిస్తుంది. ఆమె లెక్కలు మీకు తెలుసు. పొద్దున ఆమె టేబుల్ మీద టెండర్ కాగితాలు చూశారు. ఎవరి ధర తక్కువైతే వాళ్ళకే ఆర్డర్. ప్రతి మీటర్‌తో సిలిండర్ ఇవ్వాలంటే ధర పెరుగుతుంది. ఆన్ చేయగానే గీతలు చూపించే మీటర్‌ని కొనేవాళ్ళు చెడిపోయిన సరుకు అనుకుంటారు. పక్క కంపెనీ మీటర్ చక్కగా సున్నా చూపిస్తుంది. షెడ్డు అద్దె, బ్యాంకు వాయిదా, ఇంతమంది జీతాలు. గీతలకి ఇవన్నీ కట్టే శక్తి ఉందా?

ఇది మీ ఒక్కరి నిర్ణయం కాదు. కానీ మీ చేతులు చూడండి. తాడు ఒరుసుకున్న చోట ఎర్రగా గీతలు పడ్డాయి. ఆ బరువు ఎంతో ఈ గదిలో మీకూ కుర్రాడికీ తెలుసు.

"ఒక్క ఆర్డర్ పోతే ఇంకోటి తెచ్చుకుంటాం," అంటుంది మేడమ్. "గీతలే పెట్టు."

కుర్రాడి వేళ్ళు కీబోర్డు మీద కదులుతాయి.

*

ఇప్పుడు షెడ్డు వదిలి మీ ఇంటికి రండి. మీ అపార్ట్‌మెంట్‌లోనూ ఒక మురుగు గుంత ఉంది. మీ ఫంక్షన్ హాల్ వెనక, మీ పిల్లల బడి వెనక ఒకటి ఉంది. ఒక రోజు ఎవరో దాని మూత తీస్తారు. ఒకాయన చొక్కా విప్పి తాడు కట్టుకుంటాడు. మీరు బాల్కనీలో ఉంటారు. కిందికి దిగి వెళ్ళాల్సింది అప్పుడే. మెషిన్ ఎందుకు రాలేదని అడగండి. గంటకో రోజుకో ఆలస్యమవుతుందంటే, ఆగుతామని చెప్పండి. కంపు భరించండి. ఆయన చేతిలో మీటర్ ఉంటే, దానికి ఈ పొద్దున గ్యాస్ చూపించారా అని అడగండి. దాని సిలిండర్ ఏదని అడగండి. ఇప్పటికే ఎవరైనా లోపల పడిపోయి ఉంటే దిగకండి, ఎవరినీ దిగనివ్వకండి. తాడు ఉంటే లాగండి, 101కి ఫోన్ చేయండి.

అడిగినవాటికి సరైన జవాబు రాకపోతే, అక్కడే నిలబడి మూత మూయించండి.